మెదడు ధమనుల ఎమ్మారైలో కాంట్రాస్ట్: ఎప్పుడు ఎక్కించాలి, ఎప్పుడు అక్కర్లేదు

(సూరి భగవంతం గారి స్మృతిలో కోల్‌కతా తెలుగువారి సభలో చేసిన ప్రసంగానికి ముద్రిత పాఠం)



భౌతిక శాస్త్రవేత్త భగవంతం గారి పేరిట జరిగే సభలో మెదడు రక్తనాళాల గురించి మాట్లాడతానన్నప్పుడు, భౌతికశాస్త్రానికీ మీ స్కానింగు గదికీ పొత్తేమిటని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. ఆ పొత్తు ఈ ఊళ్లోనే కుదిరింది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకున్న భగవంతం గారు 1928లో కలకత్తా వచ్చారు. బౌబజారు వీధిలో 210 నంబరు భవనం, మహేంద్రలాల్ సర్కార్ 1876లో నెలకొల్పిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. అక్కడ సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ లోకానికి వెల్లడైన ఏడాది అది. అందుకే భగవంతం అనగానే అందరికీ కాంతి మీద చేసిన పనే గుర్తొస్తుంది. కానీ 1929లో ఆయన లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ప్రకటించిన పరిశోధన నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత గుణం మీద. మన ఇళ్లలో బట్టల మధ్య వేసే కలరా ఉండల నాఫ్తలీనే అది. స్ఫటికాన్ని ఒక దిక్కుగా నిలబెడితే అయస్కాంతానికి ఒక రకంగా స్పందిస్తుంది, ఇంకో దిక్కుగా తిప్పితే ఇంకో రకంగా. ఆ తేడాను కొలిస్తే లోపల అణువులు ఎలా పేర్చి ఉన్నాయో ఊహించవచ్చు. వస్తువును కోయకుండా, పగలగొట్టకుండా, అయస్కాంతంలో పెట్టి దాని లోపలి అమరిక తెలుసుకోవడమన్నమాట. అప్పటికి ఆయనకు అటూ ఇటుగా ఇరవై ఏళ్లు.

అదే భవనంలో 1933 నుంచి కె.ఎస్. కృష్ణన్ గారు స్ఫటికాల అయస్కాంత గుణాల మీద దాదాపు పదేళ్లు పనిచేశారు. ఊళ్లో మరోపక్క, యూనివర్సిటీ సైన్సు కాలేజీలో, దేవేంద్రమోహన్ బోస్ ఉండేవారు. జగదీశ్ చంద్ర బోస్ గారి మేనల్లుడు. లోహపు అయాన్ల అయస్కాంత బలం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు 1927లో ఆయన ఒక సూటి జవాబు చెప్పారు: ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ తిరగడాన్ని పక్కన పెట్టండి, జత లేని ఎలక్ట్రాన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి, వాటి స్పిన్ ఒక్కటీ చాలు. ఈ సూత్రాన్ని శాస్త్రవేత్తలు బోస్-స్టోనర్ పేరుతో గుర్తుపెట్టుకున్నారు. ఇనుము కుటుంబపు లోహాల కోసం చెప్పిన ఆ మాట గాడొలీనియం అనే లోహానికి అచ్చంగా సరిపోతుంది. దాని అయానులో జత లేని ఎలక్ట్రాన్లు 7. ఏడును, దానికి రెండు కలిపితే వచ్చే తొమ్మిదితో గుణించి వర్గమూలం తీస్తే 7.94. అంత అయస్కాంత బలం ఉండి, పక్కనున్న నీటి అణువుల మీద అంత ప్రభావం చూపే అయాన్లు బహు తక్కువ. ఈ రోజు కోల్‌కతాలో ఏ స్కానింగు సెంటరుకు వెళ్లినా, ఎమ్మారై చేసేటప్పుడు చేతికి ఎక్కించే కాంట్రాస్ట్ మందులో ఉండేది ఆ గాడొలీనియమే.

ఆ మందును గౌరవించేవాణ్ణి నేను. రోజూ వాడతాను. అది లేకపోతే కొన్ని జబ్బులు కనిపించనే కనిపించవు. అయినా ఈ సాయంత్రం నేను వాదించదలచినది ఒకటుంది. మెదడు ధమనులను చూడడానికి మొదటి సాధనం మందు కాదు, పారే రక్తమే. పారే రక్తం ఏ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయిందో తేల్చుకున్నాకే మందు ఎక్కించాలి. ఆ ప్రశ్నను స్కాను రాసిచ్చే డాక్టరూ, తీసే డాక్టరూ ముందే మాట్లాడుకోవాలి.

పారే రక్తం తనంతట తాను ఎలా కనిపిస్తుందో ముందు చెబుతాను. ఒకటిన్నర టెస్లా యంత్రం అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు ముప్పై వేల రెట్లు. అందులో పడుకున్న మనిషి ఒంట్లో నీటి ప్రోటాన్లు ఆ దిక్కుగా కొద్దిగా ఒరుగుతాయి. రేడియో తరంగంతో వాటిని పక్కకు తోస్తాం. మళ్లీ యథాస్థితికి రావడానికి వాటికి కొంత సమయం పడుతుంది; రక్తానికైతే సెకనుకు కాస్త ఎక్కువే. ఆ సమయం ఇవ్వకుండా, సెకనులో ముప్పై నలభై సార్లు, ఒకే పలక మీద తరంగాన్ని కొడుతూ పోతే కదలకుండా ఉన్న మెదడు కణజాలం అలిసిపోయి మసకబారుతుంది. కింద మెడలోంచి ఆ పలకలోకి అప్పుడే ప్రవేశించిన రక్తానికి ఆ దెబ్బలు తగల్లేదు. అందుకని అది తెల్లగా మెరుస్తుంది. సూది లేదు, మందు లేదు. ఈ పద్ధతిని టైమ్ ఆఫ్ ఫ్లైట్ అంటాం. అయిదారు నిమిషాల్లో, అర మిల్లీమీటరు వివరంతో, మెదడు అడుగున ధమనులు కలుసుకునే వలయం మొత్తం తెర మీదికి వస్తుంది.

ఈ సంగతిని మొదట ప్రయోగంలో చూసిన దేశం మనది. 1951లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్ అనే భౌతిక శాస్త్రవేత్త, నీటిని గొట్టంలో పారిస్తూ న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ సంకేతాన్ని కొలిచారు. నిలిచిన నీటి కంటే పారే నీటి సంకేతం బలంగా ఉంది. అలసిన కేంద్రకాలు ముందుకు వెళ్లిపోయి వాటి చోటుకు కొత్తవి వస్తున్నాయని ఆయన గ్రహించి, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో రాశారు. ఫెలిక్స్ బ్లాఖ్, ఎడ్వర్డ్ పర్సెల్ బృందాలు అమెరికాలో ఈ రెజొనెన్స్‌ను ప్రకటించి అప్పటికి అయిదేళ్లే. ఎలుక తోకలో రక్తప్రవాహాన్ని ఇదే పద్ధతిలో అమెరికాలో జె.ఆర్. సింగర్ కొలిచింది 1959లో. సూర్యన్ పనిచేసిన ఆ సంస్థకే 1957లో భగవంతం గారు డైరెక్టరుగా వెళ్లారు. మన కోల్‌కతాలో సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్ నుంచి ఎ.కె. సాహా, టి.పి. దాస్ ఈ విషయం మీద పూర్తి గ్రంథమే తెచ్చింది ఆ 1957లోనే. మానవ శరీరానికి ఎమ్మారై అన్న ఆలోచన పుట్టకముందే దాని భౌతికశాస్త్రం ఈ వీధుల్లో పాఠంగా నడిచింది. రేడియాలజీ చదివే మన పిల్లలకు సూర్యన్ పేరు చాలామందికి తెలియదు. అది నాకు బాధగా ఉంటుంది. ప్రతి బోధనా గదిలో ఆ పేరు చెప్పాలని నా కోరిక.

ఇప్పుడు రోగి దగ్గరికి వద్దాం. టీటాగఢ్, భాట్‌పాడా, రిష్డా జూటు మిల్లుల్లో పనికోసం శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి తరతరాలుగా వచ్చిన మనవాళ్లు ఈ సభలోనే ఎందరో ఉన్నారు. అలాంటి కుటుంబంలో పెద్దాయన అనుకోండి. పొద్దున్నే లేచేసరికి ఎడమ చెయ్యి పట్టు తప్పింది, మాట తడబడింది, మధ్యాహ్నానికి సర్దుకుంది. న్యూరాలజిస్టు ఎమ్మారై రాశారు. కొడుకు నా దగ్గరికొచ్చి, “ఇంజెక్షనిచ్చి తీస్తే ఇంకా బాగా కనిపిస్తాదంట గదా బాబూ, డబ్బులకేటి చూసుకోకండి” అంటాడు. నాన్న మీద ప్రేమతో అన్న మాటే అది. ఇలా అడిగేవాళ్లకు నేను చెప్పేదొకటే: ముందు సూది లేకుండా తీసి చూద్దాం, అవసరం పడితే మీకు చెప్పే ఎక్కిస్తాను.

తీశాక తెర మీద కుడివైపు మధ్య మస్తిష్క ధమని, మొదలైన సెంటీమీటరు తర్వాత, తెగినట్టు కనిపిస్తుంది. ఖాళీ. ఆ తర్వాత కొమ్మలు మళ్లీ కనిపిస్తున్నాయి, కాకపోతే ఎడమవైపు కన్నా పల్చగా. తొందరపడితే ఇక్కడే దారి తప్పుతాం. ఆ ఖాళీకి అర్థం ధమని పూర్తిగా మూసుకుందని కావచ్చు. 60 శాతం ఇరుకై, అక్కడ రక్తం సుడి తిరిగి సంకేతం చెదిరిందని కావచ్చు. ఇరుకు తక్కువే ఉండి, ధమని పలకకు సమాంతరంగా వంపు తిరిగిన చోట రక్తం లోపలే ఎక్కువసేపు ఉండి అలిసిపోయిందని కూడా కావచ్చు. గిర్రున తిప్పి చూపే అందమైన త్రిమితి బొమ్మ ఈ మూడింటినీ విడదీయలేదు. దాన్ని పక్కన పెట్టి, అసలు పలకలను ఒక్కొక్కటిగా, మౌస్ చక్రం తిప్పుతూ, ఆ మిల్లీమీటర్ల దగ్గర ఆగి చూడాలి. సన్నటి తెల్ల గీత ఒకటి మిగిలి ఉందా? గోడ వెంట మసక మచ్చ ఉందా? ఈ పని చెయ్యకుండా రిపోర్టు రాయడం నాకు సమ్మతం కాదు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో చెప్పే లెక్క ఒకటుంది. అమెరికాలో సోనియా పేరుతో జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. మెదడు ధమనుల ఇరుకును ఎమ్మార్ యాంజియోతో చూసి, తర్వాత గొట్టం పెట్టి తీసే అసలు యాంజియోగ్రాంతో సరిపోల్చారు. ఇరుకు లేదని ఎమ్మార్ అన్నప్పుడు 91 శాతం నిజమైంది. ఉందని అన్నప్పుడు 59 శాతమే నిజమైంది. అంటే “లేదు” అన్న మాటను నమ్మవచ్చు, “ఉంది” అన్నదాన్ని మరోసారి నిర్ధారించుకోవాలి. మరి తప్పుగా “ఉంది” అంటే నష్టమేమిటి? 2011లో వచ్చిన శాంప్రిస్ ట్రయల్ దానికి జవాబు. మెదడు ధమని 70 నుంచి 99 శాతం ఇరుకైనవాళ్లలో కొందరికి స్టెంటు వేశారు, కొందరికి గట్టి మందుల వైద్యం మాత్రమే చేశారు. 30 రోజుల్లో పక్షవాతమో మరణమో వచ్చినవాళ్లు స్టెంటు వర్గంలో 14.7 శాతం, మందుల వర్గంలో 5.8 శాతం. ఒక తప్పు బొమ్మ ఒక మనిషిని అక్కర్లేని స్టెంటు దాకా తీసుకువెళ్లగలదు.

మన దేశంలో ఇది చిన్న సమస్య కాదు. పాశ్చాత్య దేశాల్లో కొవ్వు పేరుకునేది ఎక్కువగా మెడ ధమనుల్లో. ఆసియా వాళ్లలో పుర్రె లోపలి ధమనులు ఎక్కువగా దెబ్బతింటాయి. హైదరాబాదు నిమ్స్‌లో సుభాష్ కౌల్ గారి బృందం నడిపిన స్ట్రోక్ రిజిస్ట్రీ కూడా ఇదే చూపింది. ఇక కోల్‌కతాలో 2003 నుంచి 2005 దాకా శ్యామల్ దాస్ గారూ సహచరులూ యాభై వేల పైచిలుకు జనాభాను ఇంటింటికీ తిరిగి పరిశీలించారు. వయసు సర్దుబాటు చేసిన లెక్కలో ఏడాదికి లక్షమందిలో 145 మందికి కొత్తగా పక్షవాతం వచ్చింది. వచ్చినవాళ్లలో 41 శాతం నెలలోపే చనిపోయారు. ఈ 41 అన్న అంకె చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ధమనిని సరిగ్గా చూడడం ఈ ఊరికి అంత ముఖ్యం.

పెద్దాయన బొమ్మలో ఆ ఖాళీ తేలలేదనుకుందాం. ఇప్పుడు మందుకు పని పడింది. ఎందుకంటే మన ప్రశ్న స్పష్టమైంది: ఆ చోట రక్తం వెళ్తోందా లేదా? గాడొలీనియం రక్తంలో కలిసిన క్షణంలో ఆ రక్తపు ప్రోటాన్లు సెకనుకు పైగా తీసుకునే విశ్రాంతిని సెకనులో పదో వంతు కన్నా తక్కువలో ముగిస్తాయి. ఎన్ని తరంగాలు కొట్టినా అలిసిపోవు. అందుకని రక్తం ఎంత మెల్లగా వెళ్లినా, సుడి తిరిగినా, వంపులో నిలిచినా తెల్లగానే ఉంటుంది. బొమ్మ ప్రవాహాన్ని కాక నాళం లోపలి ఖాళీని చూపిస్తుంది. 1990ల మొదట్లో మార్టిన్ ప్రిన్స్ అమెరికాలో పొట్ట, కాళ్ల ధమనులకు ఈ పద్ధతిని పెంపొందించారు; మెడకూ మెదడుకూ తర్వాత వచ్చింది.

చిక్కు సమయం దగ్గర వస్తుంది. మెదడులో ధమనుల్లోకి మందు చేరాక సిరల్లోకి వచ్చేసరికి ఆరేడు సెకన్లే పడుతుంది. ఆ సందులో బొమ్మ తీసెయ్యాలి. ఆలస్యమైతే సిరలు కూడా వెలిగిపోతాయి. పుర్రె అడుగున కేవర్నస్ సైనస్ అనే సిరల గుంటలోంచి, మెడ నుంచి వచ్చే కెరోటిడ్ ధమని వంపు తిరుగుతూ పోతుంది కనుక అక్కడ ధమని ఏదో సిర ఏదో విడదీయలేం. ముందైతే ధమనే సగం నిండదు. అరవై కిలోల మనిషికి మోతాదు కిలోకు 0.1 మిల్లీమోలు. మామూలు సాంద్రత మందులో అది 12 మిల్లీలీటర్లు. రెట్టింపు సాంద్రతతో వచ్చే గాడోబ్యూట్రాల్ అయితే 6. సెకనుకు రెండు మూడు మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించి, వెంటనే సెలైన్ తోస్తాం. మా టెక్నీషియన్లు గులాబి రంగు కాన్యులాను సాధ్యమైనంతవరకు కుడిచేతికే వేస్తారు. ఎడమచేతి రక్తం గుండెకు వెళ్లే సిర ఛాతీ ముందుగా అడ్డంగా సాగుతుంది. పెద్దవాళ్లలో అది మహాధమనికీ రొమ్ము ఎముకకూ మధ్య నొక్కుకుపోయి, మందు వెనక్కి మెడ సిరలోకి ఎగదన్నే ప్రమాదం ఉంది. కుడిచేతికి ఆ బెడద లేదు. బయట గదిలో టెక్నీషియన్ కళ్లు తెర మీద ఉంటాయి. మెడలో మందు కనిపించగానే “ఇప్పుడు” అంటాడు, నేను మీట నొక్కుతాను. ఎక్కించిన మందులో సగం మూత్రంలోకి పోవడానికి సుమారు గంటన్నర పడుతుంది; అప్పటిదాకా అది ధమనుల్లోనూ సిరల్లోనూ కలిసి తిరుగుతూనే ఉంటుంది. అందుకని ఒకసారి తప్పిపోయిన క్షణాన్ని మరో డోసు లేకుండా మళ్లీ పట్టుకోలేం. ఈ పని వచ్చిన టెక్నీషియన్ విలువ నాకు తెలుసు.

మందు తప్పనిసరి అయ్యే సందర్భాలు ఇంకా ఉన్నాయి. ధమనులకూ సిరలకూ మధ్య అడ్డదారి పడిన జబ్బుల్లో, రక్తం ఏ క్షణాన ఎటు వెళ్లిందో చూడాలి కాబట్టి సెకనుకో బొమ్మ తీసే పద్ధతి కావాలి, మందు కావాలి. ఉబ్బిన ధమనికి లోహపు స్టెంటు వేశాక, స్టెంటు లోపలి సంకేతం లోహం వల్ల చెదిరిపోతుంది. మందు కొంత సాయపడుతుంది. కాయిల్సు (ఉబ్బులో నింపే లోహపు తీగచుట్టలు) మాత్రమే వేసినవాళ్లకు ఏడాదికోసారి చూసుకోవడానికి చాలాసార్లు మందు లేని పద్ధతే సరిపోతుంది.

నేను నిలిచి మాట్లాడదలచినది క్షయ గురించి. మెదడు పొరలకు క్షయ సోకితే పుర్రె అడుగున చిక్కటి పదార్థం పేరుకుంటుంది. పెద్ద ధమనులన్నీ ఆ అడుగుభాగం మీదుగానే పోతాయి. ఆ పదార్థం ధమని గోడను చుట్టుముట్టి, వాపు తెప్పించి, లోపలి దారిని ఇరుకు చేస్తుంది. మధ్య మస్తిష్క ధమని నుంచి పుట్టి మెదడు లోతుల్లోకి వెళ్లే వెంట్రుకల్లాంటి కొమ్మలు మూసుకుపోతాయి. పిల్లవాడు జ్వరంతో, తలనొప్పితో వస్తాడు, వారం తర్వాత ఒక వైపు పడిపోతుంది. టైమ్ ఆఫ్ ఫ్లైట్ బొమ్మ ధమని ఇరుకైందని చెప్పగలదు, ఎందుకో చెప్పలేదు. గాడొలీనియం ఎక్కించి తీసిన బొమ్మలో పుర్రె అడుగంతా, ధమనుల చుట్టూ, తెల్లటి పదార్థం వెలుగుతుంది. రక్తం నుంచి మెదడును వేరుచేసే గోడ దెబ్బతిన్న చోటే మందు బయటికి ఊరుతుంది కనుక. ఆ ఒక్క బొమ్మతో రిపోర్టు మలుపు తిరుగుతుంది: ఇది కొవ్వు కాదు, క్షయ; స్టాటిన్ కాదు, క్షయ మందులూ స్టెరాయిడ్లూ. ఈ అనుమానం ఉన్నచోట మందును ఆదా చేయవద్దని రేడియాలజీ పిల్లలకు నేను ఎప్పుడూ చెబుతాను. ధమని గోడను చూసే కొత్త పద్ధతి కూడా ఇదే కోవలోది. రక్తాన్ని నల్లగా మార్చి గోడను మాత్రం చూస్తాం, మందు ఎక్కించి మళ్లీ చూస్తాం. గోడ ఒక పక్కనే వెలిగితే కొవ్వు పలకగానూ, చుట్టూ ఒకే మందంగా వెలిగితే వాపుగానూ చాలావరకు ఊహిస్తాం. ప్రవాహం ఎంత చక్కగా కనిపించినా గోడ లోపలి సంగతి అది చెప్పదు. అక్కడ మందుకు సాటి లేదు.

ఈ మందుకు వెనక ఒక చరిత్ర ఉంది, తెలుసుకుంటే జాగ్రత్త దానంతటదే వస్తుంది. 1664లో థామస్ విల్లిస్ మెదడు అడుగున ధమనుల వలయాన్ని వర్ణించినప్పుడే, అవన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయని చూపడానికి రంగు ద్రవాన్ని ఎక్కించి చూశారు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మొనిజ్ బతికున్న మనిషి కెరోటిడ్‌లోకి సోడియం అయొడైడు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. గాడొలీనియం విషయానికొస్తే, విడి అయానుగా అది విషం. దాని పరిమాణం కాల్షియం అయానుకు దగ్గరగా ఉండడంతో కాల్షియం దారుల్లో దూరి పని ఆపేస్తుంది. అందుకే దాన్ని ఒక పెద్ద కర్బన అణువులో బిగించి ఇవ్వాలి. బెర్లిన్‌లోని షేరింగ్ కంపెనీలో హాన్స్-యోఆఖిమ్ వైన్‌మన్ బృందం తయారుచేసిన తొలి మందు మాగ్నెవిస్ట్ 1988లో అనుమతి పొందింది. అందులో అణువు తెరిచిన గొలుసులా ఉంటుంది. తర్వాత వచ్చిన డొటారెం, గాడోబ్యూట్రాల్ లాంటివాటిలో అణువు లోహాన్ని నాలుగు పక్కలా ఉంగరంగా మూసి పట్టుకుంటుంది. రెండో రకం నుంచి లోహం జారడం చాలా తక్కువ.

ఈ తేడా ఖరీదు 2006లో తెలిసింది. మూత్రపిండాలు పాడైనవాళ్లలో చర్మం, కీళ్లు రాయిలా గట్టిపడే కొత్త జబ్బును అంతకుముందే గుర్తించారు. అది గాడొలీనియం వల్లనేనని ఆ ఏడాది ఆస్ట్రియా నుంచి గ్రోబ్నర్ అనే వైద్యుడు సంబంధం కట్టారు. మందు బయటికి పోలేక ఒంట్లో మిగిలి, గొలుసు తెరుచుకుని, లోహం కణజాలంలో దిగింది. 2014లో జపాన్‌లో కాండా బృందం, మూత్రపిండాలు బాగున్నవాళ్లలో కూడా పదేపదే ఎక్కించుకుంటే మెదడులో కొంత గాడొలీనియం నిలిచిపోతున్నట్టు సంకేతాలు గమనించింది. దానివల్ల జబ్బు వస్తుందన్న రుజువు ఇంతవరకూ లేదు. అయినా యూరప్ ఔషధ సంస్థ 2017లో తెరిచిన గొలుసు మందులను చాలావరకు ఆపేయించింది. ముప్పు బాగా తక్కువని వర్గీకరించిన మందుల (ఉంగరం మందులూ, వాటితో పాటు ఒక గొలుసు మందూ) విషయం మాత్రం ధైర్యం చెప్పేదిగా ఉంది: మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న 4931 మందికి ఈ తరగతి మందులు ఇచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2020లో చూస్తే, ఆ చర్మపు జబ్బు ఒక్కరికీ రాలేదు. కాబట్టి భయపడి అవసరమైన స్కాను మానేయడం తప్పు. ఏ మందు అని అడగకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

మన తెలుగువాళ్లకు ఈ మూత్రపిండాల సంగతి మరింత దగ్గరిది. హౌరా నుంచి మద్రాసు మెయిల్ ఎక్కితే ఇచ్ఛాపురం, సోంపేట, పలాస దాటుతాం. ఆ చుట్టుపక్కల ఉద్దానం. సుగరు లేకుండా, బీపీ లేకుండా, కారణం తేలకుండానే మూత్రపిండాలు చెడిపోతున్న ప్రాంతం. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు నుంచి బెంగాలుకు కూలికి, మిల్లులకు, ఖరగ్‌పూర్ రైల్వేకు వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. ఉద్దానం జబ్బు చాలాకాలం ఏ లక్షణం చూపదు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. పైన నేను చెప్పిన పెద్దాయన అక్కడివాడైతే, “సుగరుందా? బీపీ ఉందా?” అన్న ప్రశ్నలు చాలవు. ఊరేది అని అడగాలి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చేయించాలి. ఇది పెద్ద ఖర్చు కాదు, చిన్న రక్తపరీక్ష. గర్భిణులకు ఈ మందు ఇవ్వడం మానుకోవాలన్నది అందరికీ తెలిసిందే, దాన్ని సాగదీయను.

సభలో ఉన్న రేడియాలజిస్టులకు, టెక్నీషియన్లకు ఒక పని అప్పగించి ముగిస్తాను. మన రోగులు ఒక్క ఊరు పట్టుకుని ఉండరు. కోల్‌కతాలో ఒక స్కాను, భువనేశ్వర్‌లో ఇంకొకటి, వైజాగ్‌లోనో వెల్లూరులోనో మూడోది. ఫిల్ములన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని రైలెక్కుతారు. సంచి విప్పి చూస్తే రిపోర్టుల్లో “కాంట్రాస్ట్ ఇవ్వబడినది” అని ఒక్క ముక్క ఉంటుంది. గొలుసు మందో ఉంగరం మందో తెలియదు. ఎంతో తెలియదు. మూడుచోట్లా ఎక్కించి ఉంటే మొత్తం ఎంతో ఎవరికీ తెలియదు. ఇక మీదట మీరు రాసే ప్రతి రిపోర్టు మొదటి పేజీలో, రోగి పేరు కిందనే, మందు పేరు, మోతాదు మిల్లీలీటర్లలో, ఎక్కించిన తేదీ, ఆ రోజుటి క్రియాటినిన్ రాయండి. ఎందుకు ఎక్కించారో కూడా ఒక వాక్యం రాయండి. ఎక్కించకపోతే, దేన్ని చూసి అక్కర్లేదనుకున్నారో అదీ రాయండి. తర్వాత చూసే డాక్టరు ఎక్కడ ఉన్నా ఆ నాలుగు ముక్కలతో పని మొదలుపెట్టగలడు.